హొసూరులో ఇంత జనం ఎక్కడి నుంచి?

2001 జనాభా లెక్కల్లో, ఇప్పుడు తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో ఉన్న హొసూరు పట్టణం జనాభా 84 వేల చిల్లర. పదేళ్లకు లక్షా 16 వేలు దాటింది. తర్వాత మత్తిగిరి లాంటి చుట్టుపక్కల ఊళ్లను కలుపుకుని, 2019లో కార్పొరేషన్ అయింది. పాత ఇళ్ల మీద అంతస్తులు లేచాయి, షిఫ్టు విడిచే వేళ రోడ్డు మీద బండి కదలదు. ఇదంతా చూసి ‘జనం ఎడాపెడా కంటున్నారు’ అనేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఆ మాట తప్పు. ఎందుకు తప్పో తెలుసుకుంటే ప్రపంచ జనాభా సంగతి కూడా చాలావరకు అర్థమవుతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడులో ఒక స్త్రీ జీవితకాలంలో కనే పిల్లలు సగటున 1.8. తెలంగాణలోనూ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 1.7, దేశం మొత్తానికి 2.0. తల్లిదండ్రులు పోయాక వాళ్ల స్థానంలో అంతే మంది మిగలాలంటే 2.1 ఉండాలి. ఇద్దరికి మించిన ఆ కాస్తా ఎందుకంటే, పెద్దకాకముందే పోయే పిల్లలు కొందరుంటారు, ఆడపిల్లలు మగపిల్లల కంటే కొంచెం తక్కువగా పుడతారు. అంటే తమిళనాట పుట్టుకలు ఇప్పటికే ఆ గీత కిందికి దిగాయి.

మరి హొసూరు ఎలా నిండింది? పని వల్ల. 1970లలో తమిళనాడు ప్రభుత్వ సంస్థ సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చింది. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వచ్చాయి. పక్కనే బెంగళూరు. ఈమధ్య ఎలక్ట్రానిక్స్, విద్యుత్ స్కూటర్ల ఫ్యాక్టరీలు కృష్ణగిరి జిల్లా అంతటా లేస్తున్నాయి. ధర్మపురి, సేలం, చిత్తూరు వైపు నుంచే కాదు, ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచీ జనం వచ్చి చేరుతున్నారు. 2001, 2011 మధ్య రాష్ట్ర జనాభా 15.6 శాతం పెరిగితే, కృష్ణగిరి జిల్లా 20 శాతం దాటింది, హొసూరు పట్టణం దాదాపు 38 శాతం పెరిగింది.

ప్రపంచానికి ఈ దారి లేదు. భూమ్మీదికి బయటి నుంచి ఎవరూ వలస రారు. అక్కడ మిగిలేది పుట్టుక, చావు రెండే. ప్రపంచ జనాభాను పెంచింది ముఖ్యంగా చావులు తగ్గడమే. మన పెద్దలు ఇప్పటికంటే ఎక్కువమందినే కన్నారు, కానీ వాళ్లలో చాలామంది బతకలేదు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా దెబ్బకు 1911, 1921 లెక్కల మధ్య భారతదేశ జనాభా తగ్గింది కూడా. తర్వాత టీకాలు, మంచినీళ్లు, మందులు వచ్చాయి, కరువు సాయం అందింది. 1977 నాటికి దేశంలో మశూచి లేకుండా పోయింది.

ఒక పల్లె అనుకుందాం. నూరు జంటలు, అంటే 200 మంది పెద్దలు. ఒక్కో ఇంట్లో ఆరుగురు పుట్టి, నలుగురు పోయి, ఇద్దరు దక్కుతున్నంతకాలం ఆ ఊళ్లో పిల్లలు కూడా 200 మందే. మొత్తం 400, తరాలు మారినా అంతే. ఇప్పుడు చావులు తగ్గి ఆరుగురిలో నలుగురు దక్కారు. పిల్లలు 400 అయ్యారు. వాళ్లు పెరిగి 200 జంటలయ్యారు. ఈ జంటలన్నీ బుద్ధిగా ఇద్దరితోనే ఆపేశాయి. అయినా మళ్లీ 400 మంది పిల్లలు! అవ్వాతాతలు కూడా ఎక్కువ కాలం బతుకుతున్నారు కాబట్టి ఊరి జనం వెయ్యి. ఇంటికి ఇద్దరే ఉన్నా ఊరు రెండున్నర రెట్లయింది. ఈ 200 జంటలూ అవ్వాతాతలయ్యాక 1,200 దగ్గర నిలుస్తుంది.

ప్రపంచంలో జరుగుతున్నది ఇదే. 1927 ప్రాంతంలో 200 కోట్లు, 1960కి 300 కోట్లు, 2022 నవంబరు 15కు 800 కోట్లు. పెరుగుదల రేటు మాత్రం 1960లలో ఏడాదికి రెండు శాతం దాటి, ఇప్పుడు ఒక శాతం కిందికి వచ్చింది. 2080లలో సుమారు 1,030 కోట్లకు చేరి తర్వాత తగ్గుముఖం పడుతుందని ఐక్యరాజ్యసమితి 2024 అంచనా. ఇకముందు పెరుగుదలలో పెద్ద వాటా ఆఫ్రికా దేశాలది. నైజీరియా, ఇథియోపియా, కాంగో, టాంజానియాలలో మన పల్లె రెండో మెట్టు, అంటే చావులు తగ్గినా కాన్పులు ఇంకా తగ్గని దశ, ఇప్పుడు నడుస్తోంది.

ఇద్దరితో ఆపే మూడో మెట్టుకు తీసుకెళ్లేది బలవంతం కాదు, ఆడపిల్ల చదువు. పెళ్లి ఆలస్యమవుతుంది, తొలి కాన్పు ఆలస్యమవుతుంది, కన్న బిడ్డ దక్కుతుందన్న నమ్మకం కుదురుతుంది. అప్పుడు ఎవరూ చెప్పకుండానే ఇద్దరితో ఆగుతారు. మన జిల్లాలోనే అంచెట్టి కొండ గ్రామాల వైపు నుంచి బాల్యవివాహాల వార్తలు ఇంకా వస్తున్నాయి. జనాభా గురించి నిజంగా బెంగపడేవాళ్లు ముందు చూడాల్సింది అక్కడే.

మరోవైపు గాలి తిరిగింది కూడా. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. ముసలితనం ముంచుకొస్తోందన్న భయం అందుకు కారణం. ఎక్కువ కనవద్దన్నా, కనమన్నా, మాట వినేది కడుపు మోసే ఆడమనిషి తన బతుకు చూసుకున్నాకే.

హొసూరు విషయానికొస్తే, వచ్చినవాళ్లకు నీళ్లు, అద్దె ఇళ్లు, బడులు సరిపడా కావాలి. దానికి సరైన లెక్క కావాలి. ఉన్న లెక్క 2011 నాటిది. 2021లో జరగాల్సిన జనగణన 2027కు పోయింది. గణకులు మీ ఇంటికి వచ్చినప్పుడు ఇంట్లో ఉంటున్న అందరి పేర్లూ రాయించండి. మీ మిద్దె మీది గదుల్లో అద్దెకున్న బయటి ఊరి కుర్రాళ్లనూ వదలొద్దు.