హకీం మందుకు అయిదు భాషల సాక్ష్యం

హైదరాబాద్ యాకుత్‌పురాలో యునానీ మందుల దుకాణానికి వెళ్లి దగ్గు అంటే చాలు, రేగుపండ్లు, అతిమధురం, బనఫ్షా కలిపిన జోషాందా (కషాయం) పొట్లం చేతిలో పెడతారు. ఇది ఎవరు కనిపెట్టారని అడిగితే నవ్వేస్తారు. పేటెంటు ఆఫీసులో మాత్రం ఆ ప్రశ్న నవ్వులాట కాదు.

కొత్తదైతేనే పేటెంటు. లోకానికి ముందే తెలిసినదాన్ని 'ప్రయర్ ఆర్ట్' అంటారు. తెలుసని రుజువు చేయడంలోనే ఉంది చిక్కంతా. గాయాలు మాన్పే పసుపు మీద 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి అమెరికా పేటెంటు దక్కింది. మోకాలు చెక్కుకుపోతే పసుపు అద్దని ఇల్లు మనకుందా? కానీ అప్పటి అమెరికా చట్టానికి పరాయి దేశపు వాడుక పట్టదు, అచ్చులో చూపాలి. (2013లో గానీ ఆ షరతు పోలేదు.) మన దేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ సంస్కృతం, ఉర్దూ, హిందీ పుస్తకాలు గాలించి 32 ఆధారాలు ముందు పెట్టాక 1997లో పేటెంటు రద్దయింది. వేపదైతే మరీ సాగింది. వేపనూనెతో బూజుతెగుళ్లను అరికట్టే పద్ధతికి 1994లో యూరప్ ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయింది. హక్కుదార్లు అప్పీలుకు వెళ్లారు. 2005లో అదీ వీగిపోయింది. ఒక్క చెట్టుకు పదకొండేళ్లు!

ఇలా మొక్క మొక్కకూ పేటెంటు రద్దు కోసం పోరాడే కంటే పేటెంటు పరీక్షకుల బల్లమీదే సాక్ష్యం పెట్టేస్తే? ఆ ఆలోచనే 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం, టీకేడీఎల్. దీన్ని నడిపించినవారు సీఎస్‌ఐఆర్ శాస్త్రవేత్త వి.కె. గుప్తా. పాత పుస్తకాలను స్కాన్ చేసి పెట్టిన అలమరా కాదిది. ఫార్సీ, అరబీ, ఉర్దూల్లోని యునానీ మందు యోగాన్ని నిపుణుడు ఒక్కసారి చదువుతాడు. దినుసు, రోగం, తయారీ పద్ధతి, ప్రతిదానికీ ఒక కోడ్ వేస్తాడు. ఇక వాక్యాన్ని అనువదించే పని లేదు. ఆ కోడ్‌ల నుంచే సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ పాఠాలు కూర్చేస్తుంది. సిటీ బస్సు బోర్డు చదవడం రానివాడు నంబరు చూసి ఎక్కేసినట్టే. ఆయుర్వేదంలోని 'మసూరిక' అక్కడ మశూచిగా, పసుపు 'కుర్కుమా లాంగా'గా కనిపిస్తాయి.

మ్యూనిక్‌లో కూర్చున్న పరీక్షకుడికి ఉర్దూ రానక్కర్లేదు. 2009 ఫిబ్రవరిలో యూరప్ పేటెంటు ఆఫీసుకు ఈ గ్రంథాలయం తలుపులు తెరిచారు. అదే ఏడాది అమెరికాకూ. ఔషధ మొక్కలన్నిటినీ ఒకే గదిలో కుక్కిన అంతర్జాతీయ పేటెంటు వర్గీకరణలో కూడా 2006 నుంచి సుమారు 200 ఉపవర్గాలు వచ్చాయి. నాకు అన్నిటికంటే ముచ్చటేసేది ఇదే. వెతికే చోటు సరిగ్గా లేకపోతే దొరికేదీ దొరకదు కదా.

అయినా గ్రంథాలయం గ్రంథాలకే పరిమితం. వెయ్యేళ్ల కిందటి వైద్యుడు ఇబ్నె సీనా రాసింది అందులో ఉంది. హకీం సాబ్ తండ్రి దగ్గర నేర్చుకుని జోషాందాలో వేసే ఆ చిటికెడు దినుసు, ఏ కితాబులోనూ లేనిది, యాకుత్‌పురా గల్లీలోనే ఉంది.