ర్యామ్ పెంచొచ్చు.. గ్రాఫిక్స్ మార్చలేం!
మాది ధూల్‌పేట్. వినాయక విగ్రహాలకు రంగులేసి దాచుకున్న డబ్బుతో గేమింగ్ ల్యాప్‌టాప్ కొందామని బయల్దేరా. '4 జీబీ గ్రాఫిక్స్ చాలు తమ్ముడూ, తర్వాత మార్చుకోవచ్చు' అన్నాడో షాపతను. కొనేసేవాణ్నే!

తర్వాత తెలిసింది.. దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ చిప్, ప్రాసెసర్ మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి ఉంటాయని. మా విగ్రహాల్లాగే.. రంగు మార్చొచ్చు, రూపం మారదు. స్లాట్లు ఉంటే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ పెంచుకోవచ్చు. కొన్ని సన్నని మోడళ్లలో ర్యామూ సోల్డరే.

అందుకే సికింద్రాబాద్ సీటీసీలో తిరిగి 6 జీబీ గ్రాఫిక్స్, 8 జీబీ ర్యామ్, ఓ ఖాళీ స్లాట్ ఉన్నది తీసుకున్నా. వచ్చే చవితి డబ్బుతో ఇంకో 8 జీబీ వేస్తా.

మీరూ బిల్లు కట్టే ముందు అడగండి: స్లాట్ ఖాళీ ఉందా? గ్రాఫిక్స్ ఎన్ని వాట్లు? పేరు ఒకటే అయినా, వాట్లు తగ్గితే గేమ్ స్పీడూ తగ్గుద్ది!