పిరమిడ్లు దూరమైతేనేం... రామగిరి దగ్గరేగా!

టీవీలో ఈజిప్టు పిరమిడ్లు కనిపించగానే "అబ్బ! జన్మలో ఒక్కసారైనా చూడాలి" అనుకోని ఇల్లాలు ఉంటుందా? నాలుగున్నర వేల ఏళ్ల నాటి రాతి కట్టడాలు మరి! ఇక ఇటలీలోని పాంపే నగరం సంగతి సరేసరి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద కప్పడిపోయిన ఆ ఊళ్లో రొట్టెలు కాల్చే పొయ్యిలు, పిండి విసిరే తిరగళ్లు నేటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అయితే అవన్నీ చూడాలంటే పాస్‌పోర్టు, వీసా, లక్షల్లో ఖర్చు!

గోదావరిఖని, రామగుండం క్వార్టర్లలో ఉండే అమ్మలక్కలూ, నిట్టూర్చకండి. మీ వారు దిగే గనిలో బొగ్గే పాతిక కోట్ల ఏళ్లు దాటినది. ఆ గనుల చుట్టుపక్కలే రెండు వేల ఏళ్ల నాటి ఊళ్ల ఆనవాళ్లున్నాయి. పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరొచ్చు. కాకపోతే వాటిని చూసి రావడానికి కాస్త తొందరపడాలి. ఎందుకో మీకే తెలుస్తుంది.

పడగ నీడన...

పెద్దపల్లి జిల్లాలోనే ఉంది ధూళికట్ట. శాతవాహనుల కాలం నాటి బౌద్ధ స్తూపం ఇక్కడ తవ్వకాల్లో బయటపడింది. ఇక్కడి శిల్పాల్లో పేరున్నది అయిదు పడగల నాగరాజు ముచిలిందుడిది. ధ్యానంలో ఉన్న బుద్ధుడు వానకు తడవకుండా పడగ విప్పి గొడుగు పట్టాడని బౌద్ధుల కథ. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనకు ఆ పడగ కొత్తేం కాదు. పిల్లలకు ఈ కథ చెప్పి తీసుకెళ్లండి, రాళ్లకుప్ప అని విసుక్కోరు.

వాన వెలిశాక ఏరిన నాణేలు

జగిత్యాల జిల్లాలో పెద్దవాగు గోదావరిలో కలిసే చోటు కోటిలింగాల. అక్కడి పాతమట్టి దిబ్బ మీద పెద్ద వాన పడి వెలిస్తే చాలు, పాత నాణేలు తేలేవి. ధర్మపురి పండితులు సంగనభట్ల నరహరిశర్మగారు వాటిని ఓపికగా సేకరించారు. శాసనాలు చదవడంలో దిట్ట అయిన పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు వాటి మీది అక్షరాలు చదివి లోకానికి చాటారు. వాటిలో శాతవాహనుల తొలి రాజు సిముకుడి నాణేలున్నాయి! ఆయనకంటే ముందు ఇక్కడ ఏలిన గోబద, నారన వంటి రాజుల నాణేలూ ఉన్నాయి. ఆ తరువాతే అక్కడ ప్రభుత్వ తవ్వకాలు జరిగాయి.

అసలు బాధ ఇక్కడే ఉంది. శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు నిలిచాక ఊరు ముంపులో పోయింది. పాత కోట దిబ్బలోనూ కొంత నీటిపాలయింది. నీళ్లు వద్దంటామా? హైదరాబాదు దాకా తాగునీరు అక్కణ్ణుంచే పోతోంది. కానీ 1954-60 మధ్య నాగార్జునకొండలో ఏం చేశారో గుర్తు చేసుకోండి. సాగర్ నీళ్లు రాకముందే తవ్వి, ముఖ్యమైన కట్టడాలను ఎత్తుగా ఉన్న చోటికి తరలించారు. ఈజిప్టులో అబూసింబెల్ గుడినైతే 1964-68లో ముక్కలుగా కోసి పైకెత్తి నిలబెట్టారు. కోటిలింగాలకు ఆ భాగ్యం దక్కలేదు. మిగిలింది కోటేశ్వరస్వామి గుడి, ఒడ్డున కొంత దిబ్బ, మ్యూజియాల్లోని నాణేలు. అందుకే అంటున్నది, ఉన్నదాన్నయినా మన పిల్లలు చూడాలి కదా!

గుట్ట మీద కోట

సెంటినరీ కాలనీ వాళ్లకు రామగిరి ఖిల్లా రోజూ కనిపించేదే. రోజూ కనిపించేదాన్నే మనం చూడం! కాకతీయుల పాలన చూసిన ఈ కోటకు ద్వారాలు, బురుజులు, పొడవాటి రాతి గోడలు ఉన్నాయి. శ్రీరాముడు ఇక్కడ కొన్నాళ్లు ఉన్నాడని మన పెద్దల నమ్మకం. గుట్ట నిండా వనమూలికలే. రాళ్ల దారి కనుక చెప్పులు గట్టివి వేసుకోండి. నలుగురైదుగురు కలిసి వెళ్లండి. వానలో మాత్రం పసిపిల్లలతో ఎక్కకండి.

నీళ్లలో తేలే ఇటుక

ఇంకాస్త దూరం పోగలిగితే భూపాలపల్లి దాటాక పాలంపేటలో రామప్ప గుడి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించినది. పునాదిలో ఇసుక నింపారు, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు వాడారు. నల్లరాతి మదనికల్లో ఒకామె ఎత్తు మడమల చెప్పులు వేసుకుని ఉంటుంది. ఫ్యాషన్ నిన్నమొన్నటిదని ఎవరన్నారు? 2021 జూలైలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అంటే పిరమిడ్ల వరుసలో మన గుడీ చేరినట్టే.

బయలుదేరే ముందు

* మీ వారికి ప్లే డే డ్యూటీ లేని ఆదివారం చూసుకోండి. కార్తీకం నుంచి మాఘం దాకా హాయి. మన ఎండల్లో మాత్రం వద్దు.

* 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఆధార్ కార్డు మరవకండి.

* సద్దికి పులిహోర, సర్వపిండి మేలు. పెరుగన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువ పోసి, ఒక చెంచా పెరుగు కలిపితే మధ్యాహ్నానికి పుల్లబడదు.

* నీళ్ల సీసాలు ఎక్కువే పెట్టుకోండి. ఖాళీవి, కవర్లు తిరిగి ఇంటికి తెచ్చేయండి.

* పిల్లలు గోడల మీద పేర్లు చెక్కుతుంటే చేయి పట్టుకుని ఆపండి. వెయ్యేళ్ల శిల్పం పాడవడానికి ఒక్క మేకు చాలు.

గుప్తనిధుల ఆశతో పాత కోటలు తవ్వేవాళ్లున్నారు, గుడి రాళ్లు బట్టలుతకడానికి వాడేవాళ్లూ ఉన్నారు. జనం వచ్చి పోతుండే చోట ఇలాంటివి తగ్గుతాయి. వాకిలి ఊడ్చి ముగ్గేసిన ఇంటి వైపు దొంగచూపు పడదంటారే, ఇదీ అంతే. వచ్చే సెలవుకు పిరమిడ్ల మాట పక్కనబెట్టి సద్ది మూట కట్టండి!