కారులో ఒక ఫోర్ ట్వంటీ!

డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చగా బుల్లి ఇంజిన్ బొమ్మ వెలిగితే గుండె ఝల్లుమంటుంది. పర్సు అంతకన్నా ముందే ఝల్లుమంటుంది. కానీ ఆ లైటు అసలు ఎవరి కోసం పెట్టారో మీకు తెలుసా? మీ కోసం కాదు, ఇంజిన్ కోసమూ కాదు. మీ కారు వెనక వచ్చేవాళ్ల ముక్కు కోసం! పొగలో విషవాయువులు హద్దు దాటేలా ఉంటే పట్టివ్వమని చట్టం పెట్టించిన దీపం అది.

కథ లాస్ ఏంజెలిస్‌లో మొదలైంది. 1943 జూలై 26న ఊరంతా కళ్లు మండించే పొగ కమ్మేసింది. యుద్ధం రోజులాయె, జపాన్ వాళ్లు విషవాయువు వదిలారని జనం హడలిపోయారు. తీరా చూస్తే దొంగల్లో సగం మంది వాళ్ల ఇళ్ల ముందే పార్క్ చేసి ఉన్నారు! కార్ల పొగ ఎండలో ఉడికి ఈ మబ్బుగా మారుతోందని కనిపెట్టిన శాస్త్రవేత్త ఆరీ హాగెన్‌స్మిట్. అంతకుముందు ఆయన దేని మీద పరిశోధన చేసేవారో మీకు తెలుసా? అనాసపండు వాసన మీద! 1968లో కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డుకు తొలి అధ్యక్షుడూ ఆయనే. కార్లు తమ జబ్బు తామే చెప్పాలని తర్వాత రూలు పెట్టింది ఆ బోర్డే. అనాస నుంచి సైలెన్సర్ దాకా... ముక్కంటే అదీ!

ఆ రూలు రాకముందే, 1980 నాటి కాడిలాక్ ఎల్డొరాడోలో జబ్బు పేరు చెప్పే అంకె, అంటే కోడ్, ఎక్కడ కనిపించేదో తెలుసా? ఏసీ ప్యానెల్ మీద! చల్లదనం ఎంతో చూపే అంకెల గళ్లలోనే ఇంజిన్ బాధ కూడా. చల్లటి కబురు చల్లగా చెప్పేదన్నమాట.

1980లలో జనరల్ మోటార్స్ కార్లకు ఈ కోడ్‌లు చదివే స్కానర్ ఏమిటో మీకు తెలుసా? కాగితాలకు పెట్టే క్లిప్పు! దాన్ని వంచి సాకెట్‌లో రెండు పిన్నుల మధ్య గుచ్చి, స్టార్ట్ చేయకుండా తాళం తిప్పితే లైటు కన్నుకొట్టేది. ఒకసారి, చిన్న విరామం, రెండుసార్లు. అంటే 12. ఇంజిన్ తిరగడం లేదని దానర్థం. స్టార్టే చేయకపోతే ఎలా తిరుగుతుంది మరి! కానీ ఆ 12 కనిపిస్తేనే కంప్యూటర్ స్పృహలో ఉన్నట్టు. అసలు జబ్బులు ఆ తర్వాత వరసగా వచ్చేవి.

క్రైస్లర్ కార్లకు ఆ క్లిప్పు కూడా అక్కర్లేదు. తాళం చకచకా మూడుసార్లు ఆన్ చేస్తే చాలు, లైటు మెరుస్తూ చెప్పేసేది. చివర 55 మెరిస్తే ‘నా గోడు అయిపోయింది’ అని. కొన్ని పాత హోండాలైతే మరీ సిగ్గరివి. వాటి దీపం సీటు కిందో కార్పెట్ కిందో కంప్యూటర్‌కే అంటుకుని ఉండేది. జబ్బు తెలియాలంటే డ్రైవర్ సాష్టాంగపడాల్సిందే!

అమెరికాలో 1996 మోడళ్ల నుంచి అన్ని కంపెనీలకూ ఒకటే సాకెట్, ఒకటే కోడ్ భాష. కారు తన జబ్బు తానే చెప్పే ఈ ఏర్పాటు పేరు ఓబీడీ. మన దేశంలో కార్లకు ఈ రెండో తరం ఓబీడీ తప్పనిసరి అయ్యింది 2013 ఏప్రిల్ నుంచి. సాకెట్‌లో 16 గళ్లు. దాని చిరునామా? స్టీరింగ్ కింద, మీ మోకాలి పక్కన. ఇన్నేళ్లూ మోకాలికి తగిలింది అదే!

ఇక అసలు ప్రశ్న. కార్లలో కూడా ఒక ఫోర్ ట్వంటీ ఉందని మీకు తెలుసా? కోడ్ పీ0420! పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పని ఎగ్గొడుతోందని దాని ఫిర్యాదు. మన మోసం సెక్షన్ 2024 జూలైలో 420 నుంచి 318కి మారిపోయింది. కారు మాత్రం పాత సెక్షనే వాడుతోంది!

తమాషా ఏమిటంటే ఈ కేసులో నిర్దోషులే ఎక్కువ ఇరుక్కుంటారు. కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి కాబట్టి మార్చాలంటే నగల బిల్లే. సైలెన్సర్ గొట్టానికి చిన్న లీకున్నా, వెనక ఆక్సిజన్ సెన్సర్ ముసలిదైనా ఇదే కోడ్ రావచ్చు. ముందు లీకు చూడండి, తర్వాతే లాకరు తెరవండి.

లీటరు పెట్రోల్ మండాలంటే ఎంత గాలి కావాలో తెలుసా? ఊహించండి. పది లీటర్లా? వందా? సుమారు 9 వేల లీటర్లు! కారు తిండిపోతు కాదు, గాలిపోతు. లెక్కలోకి రాని గాలి దొంగచాటుగా దూరితే వచ్చే కోడ్ పీ0171. పాత కార్లలో తరచూ దొరికే దొంగ పగిలిన రబ్బరు గొట్టం. కొందరు మాత్రం కబురు చెప్పిన ఆక్సిజన్ సెన్సర్‌నే పీకేసి కొత్తది బిగిస్తారు. టెలిగ్రాం తెచ్చినవాణ్ణి తన్నినట్టు!

నాలుగు సిలిండర్ల ఇంజిన్ 3,000 ఆర్‌పీఎమ్ దగ్గర సెకనుకు ఎన్నిసార్లు పేలుతుందో తెలుసా? 100 సార్లు. అందులో ఒక్కటి తుస్సుమన్నా కంప్యూటర్ పసిగట్టగలదు. మన షెడ్డుల్లో ‘మిస్సింగ్’ అనేది దీన్నే. కోడ్‌లో చివరి అంకె సిలిండర్ నంబరు, పీ0303 అంటే మూడోది.

దీనికి పైసా ఖర్చులేని పరీక్ష ఉంది. ఒక్కో సిలిండర్‌కు నిప్పురవ్వ కోసం ఒక్కో కాయిల్ ఉన్న కారైతే, మూడో కాయిల్ తీసి ఒకటోదానికి పెట్టండి, ఒకటోది మూడోదానికి. కోడ్ చెరిపి నడపండి. ఈసారి పీ0301 వచ్చిందా? దొంగ కాయిలే, ఇల్లు మారి దొరికిపోయింది! కోడ్ కదల్లేదా? ప్లగ్గు వంకా ఇంజెక్టర్ వంకా చూడండి. షెర్లాక్ హోమ్స్‌కు కూడా ఇంత సులువు కేసు దొరకలేదు.

లైటు నిలకడగా వెలిగితే ఒకటి, టపటపా కొట్టుకుంటే ఇంకొకటి అని మీకు తెలుసా? కొట్టుకుంటోందంటే మండని పెట్రోల్ వెళ్లి కన్వర్టర్‌ను కాల్చేస్తోందని. ఇక్కడ మాత్రం జోకు లేదు, కారు పక్కన ఆపండి.

సాలీళ్లు కార్లను వెనక్కి రప్పించాయని మీకు తెలుసా? 2011లో మాజ్డా ఒక్క అమెరికాలోనే 50 వేలకు పైగా కార్లను రీకాల్ చేసింది. పెట్రోల్ వాసన మరిగిన ఒక జాతి పసుపు సాలీళ్లు ట్యాంకు గాలి గొట్టంలో గూళ్లు కట్టాయి మరి. 2014లో మళ్లీ 42 వేల కార్లు, మళ్లీ అవే సాలీళ్లు. పట్టువదలని విక్రమార్కులు!

ఎలుకలు వైర్లు కొరికితే సెన్సర్ల కోడ్‌లు బోలెడు వస్తాయి. విరుగుడుగా హోండా అమ్మే టేపులో ఏం పూశారో తెలుసా? క్యాప్సైసిన్. గుంటూరు మిర్చికి మంట ఇచ్చేది అదే! కారుకు కారం పెట్టిన ఘనత జపాన్ వాళ్లదైపోయింది. మనకెందుకు తట్టలేదో!

అమెరికాలో ఈ లైటును వెలిగించే అతి చవక తప్పు? పెట్రోల్ ట్యాంకు మూత సరిగ్గా బిగించకపోవడం. బాగు చేసే ఖర్చు, క్లిక్‌మనేదాకా ఒక తిప్పు.

తప్పు మళ్లీ కనబడకుండా కారు వరసగా మూడు ట్రిప్పులు తిరిగితే చాలావరకు లైటు దానంతటదే ఆరిపోతుంది. సంబరపడకండి. ఇంజిన్ 40 సార్లు వేడెక్కి చల్లారేదాకా కోడ్ కడుపులోనే దాగి ఉంటుంది. అత్తగారి జ్ఞాపకశక్తి!

మరి అమ్మేవాడు స్కానర్‌తో ఆ కోడ్‌నే చెరిపేస్తే? కోడ్‌తో పాటు కారు స్వయంగా చేసుకున్న పరీక్షల ఫలితాలూ చెరిగిపోతాయి. స్కానర్‌లో ‘నాట్ రెడీ’ అని వరసగా కనిపిస్తాయి. నిన్నో ఇవాళో తుడిచారనడానికి, లేదా బ్యాటరీ పీకారనడానికి అదే సాక్ష్యం. పాత కారు కొనబోతున్నారా? అడ్వాన్సు చేతిలో పెట్టకముందే మోకాలి పక్కనున్న ఆ 16 గళ్లలో స్కానర్ ఒక్కసారి గుచ్చి చూడండి.