చలివేళ లారీ గేరు మొరాయించుటేల?

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల తల్లిదండ్రులలో లారీపై జీవించువారికి ఉపకరించునని దీనిని వ్రాయుచున్నాము.

విరివిగా తయారైన తొలి ఆటోమేటిక్ గేరుబాక్సు 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చినది. ఇందు గేరు మార్చునది నూనె ఒత్తిడియే. చలికి నూనె చిక్కబడును. రబ్బరు సీళ్ళు గట్టిపడి ఒత్తిడి తగ్గును. అందుచే గేరు ఆలస్యముగా పడును. అప్పుడు యాక్సిలరేటరు గట్టిగా తొక్కినచో క్లచ్చి పలకలు జారి మాడిపోవును. కొన్ని నిమిషములు ఇంజనును తిరుగనిచ్చి, పిమ్మట మెల్లగా నడుపవలెను.

అయితే మన నందికొండ చలి మంచుదేశముల చలి వంటిది కాదు. ఇక్కడ ప్రతి ఉదయము గేరు మొరాయించినచో చలిని నిందింపరాదు. నూనె మట్టమును, రంగును, వాసనను పరీక్షింపవలెను. కంపెనీ పుస్తకములో చెప్పిన నూనెనే పోయవలెను. మాడు వాసన వచ్చినచో వెంటనే మెకానిక్కునకు చూపవలెను. బరువుతో మిట్ట ఎక్కునపుడు గేరు జారినచో ప్రాణములకే ముప్పు. ఇంట బిడ్డలు ఎదురుచూచుచుందురు.