చిగురించిన సినిమా చెట్టు

పుదుచ్చేరిలో మేముండే పేట నెల్లితోపు. అరవంలో ఆ మాటకు ఉసిరితోపని అర్థం. మా వీధిలో మాత్రం ఒక్క ఉసిరిచెట్టూ లేదు. అందువల్లనే కాబోలు, గోదావరి గట్టున కూలిన చెట్టు తిరిగి చిగిర్చిందని వినగానే చూడబుద్ధి పుట్టి, 2024 చివర బయలుదేరాను.

కొవ్వూరు సమీపాన కుమారదేవం గ్రామంలో సుమారు నూటయాభై ఏళ్ళు నీడనిచ్చిన నిద్రగన్నేరు అది. ఈ జాతికి పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా ఖండభాగాలు. పొద్దువాలగానే ఆకులు ముడుచుకుంటుంది గనుక మనవారు ఆ పేరు పెట్టారు. వంశీ మొదలైన దర్శకులెందరో దాని నీడన చిత్రాలు తీయగా, అది 'సినిమా చెట్టు'గా ప్రసిద్ధికెక్కింది.

2024 ఆగస్టులో, వరదల వేళ, ఆ మహావృక్షం నేలకొరిగింది. ఊరివారు కన్నీరు పెట్టారు. కాని కట్టెలుగా కొట్టివేయలేదు. రాజమహేంద్రవరం రోటరీ క్లబ్బువారు మొదలుకు చికిత్స చేయించారు. కొన్ని వారాలకు చిగుళ్ళు తొంగిచూశాయి.

ఇందులో మాయ లేదు. బెరడు కింద సజీవమైన పలుచని పొర ఒకటుంటుంది. వేళ్ళు నీరందించినంతకాలం, నిద్రాణమైన మొగ్గలు అక్కడ మేల్కొనగలవు.

మోడు మీద అరచేయంత పచ్చదనం. దానిని చూస్తూ చాలాసేపు నిలుచున్నాను.

ఇల్లు చేరిన మరునాడు మా పెరట్లో ఒక ఉసిరిమొక్క నాటాను.