నిప్పురవ్వ లేనిదే బండి కదలదు

ముంబయి నగరమున పెరిగిన మనవారిలో నలుపు పసుపు రంగుల పద్మిని టాక్సీని ఎఱుగనివారు అరుదు. 1964లో ఫియట్ 1100 డిలైట్ అను పేర కుర్లాలోని కర్మాగారమున తయారగుట కారంభించిన చిన్న కారే పిదప ప్రీమియర్ పద్మిని అను పేరు దాల్చినది. ఆ టాక్సీలలో కడపటిది 2023 అక్టోబరులో నగరవీథులనుండి సెలవు గైకొన్నది. అయినను అట్టి బండ్లను ఇప్పటికిని ప్రేమతో కాపాడుకొనువారు కలరు. దాని యింజను ఏల అంటుకొనునో, ఏల మొరాయించునో తెలిసికొన్నచో మన విద్యుచ్ఛక్తి పాఠము కన్నులకు గట్టును.

మొదట ఒక చిన్న సంగతి చెప్పెదను. 1996 వర్షాకాలమున ఒకనాటి తెల్లవారుజామున మా చాల్‌లో ఒక గర్భిణికి నొప్పులు మొదలైనవి. పక్కింటి టాక్సీ మామయ్య వచ్చి బండి తాళము త్రిప్పెను. రాత్రియంతయు వానలో నిలిచిన యింజను గిరగిర తిరిగినదే కాని అంటుకొనలేదు. ఆయన కంగారుపడి మఱల మఱల త్రిప్పగా బ్యాటరీ నీరసించినది. అప్పుడు గ్యారేజీలో పని నేర్చుకొనుచున్న కుఱ్ఱవాడొకడు వచ్చి, తాళము తీయించి, డిస్ట్రిబ్యూటరు మూత విప్పి, లోపలి చెమ్మను పొడిగుడ్డతో తుడిచెను. మేము నలుగురము బండిని త్రోయగా ఇంజను మేల్కొన్నది. తల్లియు బిడ్డయు క్షేమముగ నుండిరి. కాని ఆ అరగంట మాకు యుగముగ తోచినది. ఆ మూతను మొదటనే తుడిచియున్నచో అంత యాతన లేకుండెడిది.

ఇంజనులో జరుగునదేమి? పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి సిలిండరులో చేరును. పిస్టను ఆ మిశ్రమమును అదుమును. సరిగా ఆ సమయముననే ప్లగ్గు కొనల నడుమ ఒక రవ్వ పుట్టవలెను. ఆ కొనల నడుమ సందు ఒక మిల్లీమీటరు కంటె తక్కువే. కాని అదుమబడిన వాయువులో ఆ సందును దాటుటకు వేలకొలది వోల్టులు కావలెను. బ్యాటరీ యిచ్చునది 12 వోల్టులు మాత్రమే.

ఈ కొఱతను తీర్చునది కాయిలు. అందులో ఇనుప రేకుల కడ్డీపై రెండు తీగచుట్టలు కలవు: లావు తీగ కొన్ని వందల చుట్లు, సన్నతీగ వేలకొలది చుట్లు. అయస్కాంత బలము మారినపుడు సమీపమందలి తీగచుట్టలో విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను. మార్పు ఎంత వేగమైన, వోల్టులు అంత హెచ్చు. పాయింట్లు అను రెండు లోహపు బిళ్ళలు కలిసియున్నపుడు లావు తీగలో ప్రవాహము సాగును. ఇంజనుతో తిరుగు ఇరుసు వానిని విడదీయగనే ప్రవాహము తెగి, అయస్కాంత బలము తటాలున పడిపోవును. ఆ క్షణమున సన్నతీగలో పదివేల వోల్టులకు మించి పుట్టును. పాయింట్ల నడుమ వృథాగ మెఱుపు పుట్టకుండ కండెన్సరు కాపాడును. పుట్టిన విద్యుత్తును వరుసగ ఒక్కొక్క ప్లగ్గునకు పంచిపెట్టునది డిస్ట్రిబ్యూటరులోని రోటరు.

ఒక చిన్న లెక్క వేయుడు. ఈ ఇంజనులో ప్రతి సిలిండరునకు రెండు చుట్లకొక రవ్వ కావలెను. సిలిండరులు నాలుగు. కావున ఒక చుట్టునకు రెండు రవ్వలు. నిమిషమునకు 3,000 చుట్లు తిరిగినచో 6,000 రవ్వలు, అనగా సెకనునకు నూఱు! ఇంత పని చేయు పాయింట్లు అరుగుట వింత కాదు.

బండి మొరాయించినపుడు వరుస తప్పక పరీక్షింపవలెను.

మొదట సెల్ఫు ధ్వని వినుడు. ఇంజను నీరసముగ తిరిగి, దీపములు మసకబారినచో దోషము బ్యాటరీలోనో దాని కొనలలోనో యుండును. సెల్ఫు నూఱు ఆంపియర్లకు మించి లాగగలదు. బ్యాటరీ కొనలపై పేరుకొన్న తెల్లని పొడి ఓములో ఇరువదవ వంతు అడ్డగించినను, నూఱు ఆంపియర్లకు 5 వోల్టులు అచ్చటనే నశించును. కొనలను శుభ్రపఱచి గట్టిగ బిగించిన చాలును.

ఇంజను చక్కగ తిరిగియు అంటుకొననిచో, తాళము తీసి, డిస్ట్రిబ్యూటరు మూతను చూడుడు. చెమ్మను తుడువుడు. లోపల వెండ్రుకవంటి నల్లని గీత యున్నచో విద్యుత్తు ఆ దారిన పాఱిపోవుచున్నదన్నమాట, మూత మార్చవలెను. పిదప పాయింట్లు గుంటపడినవేమో, వాని సందు సరిగా నున్నదో లేదో చూడవలెను. అవి మాటిమాటికి కాలిపోవుచున్నచో కండెన్సరును అనుమానింపవలెను.

ఇంజను తడబడుచు నడచినచో ప్లగ్గులను విప్పి చూడుడు. లేత గోధుమరంగు ఆరోగ్యమునకు గుర్తు. పొడి మసి యున్నచో పెట్రోలు పాలు హెచ్చినదని తలపవచ్చును. నూనె తడి యున్నచో నూనె సిలిండరులోనికి చేరుచున్నది.

కొన్ని జాగ్రత్తలు మఱవరాదు. రవ్వను పరీక్షించుట తెలిసిన మేస్త్రీ చేయవలసిన పని. ఇంజను తిరుగునపుడు ప్లగ్గు తీగను చేత పట్టరాదు. పెట్రోలు వాసన వచ్చుచున్నపుడు ఏ పరీక్షయు చేయరాదు. బ్యాటరీనుండి వెలువడు హైడ్రోజను వాయువు పేలగలదు, కావున దాని చెంత అగ్గిపుల్ల గీయరాదు. ఇంజను ఆగియుండగ తాళమును వేసియుంచినచో కాయిలు వేడెక్కి చెడవచ్చును. నేటి కార్లలో పాయింట్లు లేవు. రవ్వ వేళను ఎలక్ట్రానిక్ సాధనము నిర్ణయించును. వానిలో పాత పద్ధతిని తీగలు లాగి చూచినచో ఆ సాధనమే చెడవచ్చును.

తల్లిదండ్రులకు ఒక మనవి. తెలుగులో చదివిన పిల్లలకు యంత్రముల సంగతి అంతుపట్టదని కొందఱు శంకింతురు. పాయింటు, కాయిలు, ప్లగ్గు అను మాటలు గ్యారేజీలో ఏ భాషవారికైనను ఒక్కటే. అవి ఏల పనిచేయునో ఇంటి భాషలో తెలిసికొన్నవాడు కంగారుపడక, వరుస తప్పక పరీక్షించును. ఆనాడు మూత తుడిచిన కుఱ్ఱవాడు మన తెలుగు బడిలో చదివినవాడే.